మెడ చూడమన్న సిస్టరమ్మ

శంషాబాద్ సిస్టరమ్మ గుండెపోటుతో పోయిందని కబురు రాగానే నాకు ముందు మంఖాల్ రైతు మెడ గుర్తొచ్చింది. ఆమె ముఖం ఆ తర్వాతే.

ఏడేళ్ల కిందట కోస్తా నుంచి వచ్చి అక్కడి చిన్న ఆసుపత్రిలో కొత్త డాక్టరుగా చేరాను. ఊపిరిని కొలిచే యంత్రాలేవీ మాకు లేవు. ఆయాసంతో ఎవరొచ్చినా మా నర్సు సిస్టరమ్మ మంచం పక్కన కూర్చుని, "ఒక్క దమ్ముల ఎంత దాంక లెక్కపెడ్తవో పెట్టు బిడ్డా" అనేది. ఇరవై దాటితే ఉంచుకునేవాళ్లం. పదిలోపే ఆగితే జీపెక్కించి, కృత్రిమ శ్వాస యంత్రమున్న పట్నం దవాఖానకు పంపేవాళ్లం. "పదికే ఆగితివి, ఇగ కోడల్ని తిట్టనీకి దమ్ము యాడికెల్లి వస్తదే?" అని ముసలమ్మలను నవ్వించేది కూడా.

ఆ వానాకాలం వైరల్ జ్వరం ఊపిరితిత్తులకు పాకి ఆ రైతు వచ్చాడు. ఊళ్లో కల్లాల దగ్గర ధాన్యం కొలిచేది ఆయనే. కొలతల అలవాటు కొద్దీ ఒకటి అనకుండా "లాభం, రెండు, మూడు" అంటూ రాగం తీసి ఇరవై ఆరు దాకా పోయాడు. నేను మురిసిపోయి కేసు షీటులో రాసేశాను.

"సార్, అంకె ఇనకుండ్రి, మెడ సూడుండ్రి. నడుమ నడుమ దొంగదమ్ము తీస్తుండు, గప్పుడల్ల మెడల గుంట పడ్తుంది. పట్నం పంపుదాం" అంది సిస్టరమ్మ.

రోజంతా పాడుతూ కొలిచేవాళ్లకు అది అలవాటేనట. నాకేం తెలుసు? "ఇరవై ఆరు వచ్చాక ఇంకేం కావాలండీ?" అని కసురుకున్నాను.

మధ్యాహ్నానికి ఆయనకు చెమటలు పట్టి మాట పడిపోయింది. పట్నం పోయే జీపులో సిస్టరమ్మ గాలిబ్యాగు నొక్కుతూనే ఉంది. కాటేదాన్ దాటకముందే ప్రాణం పోయింది.

సిస్టరమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. మర్నాడు మాత్రం, "ఈపు మీద చెయ్యేసి లెక్కపెట్టియ్యుండ్రి సార్. ఈపుకు అబద్ధం రాదు" అంది. అప్పటినుంచి అలాగే చేస్తున్నాను. ఎంతోమంది బతికారు. అయినా సంతలో ఎవరైనా "లాభం" అని కొలత మొదలుపెడితే ఇప్పటికీ నా చూపు వాళ్ల మెడ మీదికే పోతుంది.

మొన్న సిస్టరమ్మ పెద్దదినానికి వెళ్తే రైతు భార్య కనిపించింది. నా చేతులు పట్టుకుంది.

"గామె అప్పట్ల మా ఇంటికొచ్చి ఏడ్చింది సార్. నేనే సరిగ జూడలే, తప్పు నాదేనన్నది. డాక్టర్ సాబ్ మస్తు కోషిష్ జేసిండని చెప్పింది. గామెను నేను గప్పుడే మాఫ్ జేసిన."

తప్పు నాదమ్మా అనాలి. అనకుండా ఆమె సంచి అందుకుని బస్సు దాకా వెళ్లి ఎక్కించాను. ఇప్పుడిక్కడ రాస్తున్నాను గానీ, ఆమెకు చదువు రాదు.

మంఖాల్ బస్సు కదిలింది. మలుపు తిరిగేదాకా ఆమె కిటికీలోంచి నాకు దండం పెడుతూనే ఉంది.