ఎడమ కార్నర్ రాజన్న

నిన్న ఒమాన్‌లోని మబేలాలో కబడ్డీ ఆట మొదలయ్యే ముందు మా జట్టులో ఒకరు మోకాలికి నొప్పుల మందు రుద్దుకుంటుంటే ఆ ఘాటు ముక్కుకు కొట్టింది. వెంటనే రాజన్న గుర్తొచ్చాడు. ఆయన మా రూమ్‌లోకి అడుగు పెట్టకముందే ఆ వాసన వచ్చేది. మోకాళ్లకు, భుజాలకు, ఆఖరికి చేతివేళ్లకు కూడా రాసుకునేవాడు. "మనిషి కంటే మందే ఎక్కువున్నది" అని ఆటపట్టించేవాళ్లం. ఆయన నవ్వి ఇంకాస్త రాసుకునేవాడు.

రాజన్నది జగిత్యాల వైపు పల్లె. వారమంతా సైట్‌లో సెంట్రింగ్ పని, శుక్రవారం కబడ్డీ. ఎడమ కార్నర్‌లో కాచుకుని, కూతకు వచ్చినవాడి చీలమండ దొరకబుచ్చుకోవడం ఆయన విద్య. అయినా పదకొండేళ్లలో ఏ జట్టూ ఆయన్ని తనవాడనుకోలేదు. ఒమాన్‌లో మా జట్లన్నీ పనివాళ్లవే కాబట్టి ఎవరో ఒకరు సెలవు దొరికి చుట్టీ మీద ఇంటికి పోతూనే ఉంటారు. వాళ్లు తిరిగొచ్చేదాకా ఆ చోట ఆడటానికి రాజన్నను పిలిచేవారు. సహంలో కొన్నాళ్లు, రుసైల్‌లో రెండు నెలలు, మళ్లీ మబేలా. పోయినవాడి జెర్సీయే వేసుకుని, వీపు మీద వాడి పేరుతోనే ఆడేవాడు. వాడు రాగానే ఉతికి మడతపెట్టి ఇచ్చేసేవాడు. అది చూస్తే నాకు ఒళ్లు మండేది.

"సిగ్గనిపియ్యదా అన్నా?" అని ఒకసారి అడిగేశాను.

"పేరు వీపు మీద ఉంటదిరా. నాకు కనవడదు" అన్నాడు.

నేను జట్టులో చేరిన ఏడాది మా పాత కార్నర్ ఒమాన్ వదిలి పూర్తిగా ఇంటికి వెళ్లిపోయాడు. "ఈ టోర్నమెంట్ మంచిగ ఆడు రాజన్నా. వచ్చే సీజన్ నీ పేరుతోనే జెర్సీ కొట్టిస్త" అన్నాడు కెప్టెన్ మల్లేశన్న. ఆ వారమంతా రాజన్న కూనిరాగాలతో రూమ్‌లో మా చెవులు చిల్లులు పడ్డాయి. నన్ను తన పక్కన ఆడేవాడిగా ఎంచుకున్నాడు. రోజూ డ్యూటీ అయ్యాక ఇద్దరం చేతులు పట్టుకుని కదలడం నేర్పేవాడు. కార్నర్‌కు పక్కవాడి చెయ్యే ఆధారం.

"భయమైతే కండ్లు మూసుకో. చెయ్యి మాత్రం ఇడువకు" అనేవాడు.

సెమీఫైనల్లో స్కోరు సమం, ఆఖరి కూత. వచ్చినవాడు తలుపంత మనిషి. రాజన్న అదను చూసి వాడి చీలమండ మీద పడ్డాడు. ఆయనతో పాటే నేనూ పడి నడుము పట్టాలి. వాడి మోకాలు నా ముఖం మీదికి వస్తుంటే చెయ్యి వదిలేసి వెనక్కి జరిగాను. వాడు రాజన్నను ఈడ్చుకుంటూ గీత దాటాడు. ఒక్క పాయింట్‌తో ఓడిపోయాం. ఆ దుమ్ములో నేను చేసింది ఎవరికీ కనబడలేదు.

"ఒక్కనివే ఎందుకు దుంకినవ్? ముసలోనివైనా తొందర తగ్గలే!" అని మల్లేశన్న అందరి ముందూ రాజన్న మీద అరిచాడు. ఆయన మోచేతి నెత్తురు తుడుచుకుంటూ ఊరుకున్నాడు. నేనూ ఊరుకున్నాను. అంత పిరికివాణ్ణి నేను.

జెర్సీ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. నెల తిరక్కుండానే సహం నుంచి పిలుపు వచ్చింది, మళ్లీ ఎవరిదో చుట్టీ. బస్సు దాకా ఆయన సంచి మోసుకెళ్లి, అప్పుడు నోరు విప్పాను.

"అన్నా, చెయ్యి నేనే ఇడిసిన."

"నాకెరుక లేదారా? నువ్వు ఇడిసింది నా చెయ్యేనాయె."

"మరి మల్లేశన్నకు ఎందుకు చెప్పలే?"

"నన్ను యాడనో ఒకకాడ పిలుస్తరు. నీకిది మొదటి సీజన్. చెయ్యి ఇడిసినోడని పేరు పడితే ఇగ నీ పక్కన ఎవడు నిలవడుతడు?"

నాకు ఏడుపు ఆగలేదు. ఆయన నా వీపు తట్టి బస్సెక్కాడు. రెండేళ్లకు మోకాలు పూర్తిగా పోయి ఇంటికి వెళ్లిపోయాడు.

నేను ఇప్పటికీ కార్నర్ పక్కనే ఆడుతున్నాను. ఆ రోజు తర్వాత ఎవరి చెయ్యీ వదల్లేదు. మల్లేశన్న మాత్రం చాయ్ తాగేటప్పుడల్లా ఆ సెమీఫైనల్ ఊసెత్తి, "రాజన్న తొందరపడకుంటే కప్పు మనదే" అంటాడు. నిన్న కూడా అన్నాడు. నిన్న కూడా నేను తలూపాను. వచ్చే శుక్రవారం మల్లేశన్నను కూర్చోబెట్టి ఈ రాసిందంతా చదివి వినిపిస్తాను. నాకిది మొదటి సీజన్ కాదు కదా.