గంజి, క్రీము, నా ముఖం

రజని పులిసిన గంజి రాసుకుని ముఖం పాడుచేసుకుందని మంగళగిరిలో మా వీధంతా చెప్పుకుంటారు. గంజి రాసుకున్న మాట నిజమే. కానీ అది రెండో తప్పు. మొదటి తప్పు నాకు ఒకరు అమ్మింది. దాని సంగతి ఎవరూ ఎత్తరు.

ఇరవై రెండేళ్లుగా మా చీరల కొట్టులో పరుపు మీద కూర్చుని చీరలు విప్పి చూపించేది నేనే. పోయిన ఏడాది పెళ్లిళ్ల రోజుల్లో, చీర భుజాన వేసుకుని చూపిస్తుంటే బుగ్గలు కారం పూసినట్టు మండాయి. అప్పటికి మూడు నెలలుగా విజయవాడ గవర్నర్‌పేటలో ఒక పార్లర్ ఆవిడ అమ్మిన క్రీము రాస్తున్నాను. డబ్బా మీద కంపెనీ పేరు లేదు. ప్రీబయోటిక్, మొక్కల నుంచి తీసినది అని స్టిక్కరు మాత్రం ఉంది. చర్మం మీదుండే మంచి బాక్టీరియాకి అది మేత అట. నేను బీఎస్సీ బోటనీ. మొక్క అనగానే నమ్మేశాను. ముఖం తెల్లబడింది కూడా.

మంట పుట్టగానే మానేశాను. నాలుగో రోజుకి ముఖమంతా వాచి పొక్కులు లేచాయి. మా అత్తగారు, కొన్న మేత ఎందుకు, ఇంట్లో గంజి లేదా అన్నారు. అదీ మొక్కదే, ఇదీ మొక్కదే అని నాకూ సబబుగానే తోచింది. మగ్గానికి వేసే నూలుకి పెట్టిన గంజి సరిగ్గా ఆరకపోతే బూజు పట్టడం పుట్టింట్లోనూ, అత్తింట్లోనూ చూసినదాన్ని. అలాంటిదాన్ని, పచ్చి చర్మం మీద వారం రోజులు నిన్నటి గంజి పట్టించాను.

చీము, జ్వరం. విజయవాడ స్కిన్ డాక్టరు గారు ఏ క్రిమో తేల్చడానికి చీము కల్చర్‌కి పంపారు, ఇన్‌ఫెక్షన్ అన్నారు. క్రీము డబ్బా చూశాక ఆమె గొంతు మారింది.

"గంజి తర్వాతి సంగతండీ. రాసినన్నాళ్లు తెల్లబడ్డారు, మానగానే ఇలా అయింది. ఇందులో స్టెరాయిడ్ కలిపారని నా అనుమానం."

"మరి ప్రీబయోటిక్ అన్నది?"

"మంచి క్రీముల్లో నిజంగానే వేస్తారు. ఇక్కడ మీ స్కిన్ బ్యారియరే, అంటే చర్మాన్ని కాపాడే పైపొరే పోయింది. అలాంటి చోట మేత వేస్తే ఎవరొచ్చి తింటారో మన చేతిలో ఉండదు."

యాంటీబయోటిక్ మాత్రలు, తర్వాత వాసనా రంగూ లేని ఒక మాయిశ్చరైజర్, అంతే. రెండో నెలలో ఎరుపు తిరగబెట్టింది. ఆ పాత క్రీము కాస్త రాస్తే చల్లబడుతుందని నాకు తెలుసు. మూత తీసి చాలాసేపు కూర్చున్నాను. రాయలేదు.

పార్లరుకి వెళ్లి అడిగాను. "మా క్రీము మంచిదే మేడమ్, మీరు గంజి రాశారంటగా" అంది. నాకంటే ముందే ఆ కథ అక్కడికి చేరిపోయింది.

కొట్టు పెత్తనం చేసే మా బావగారు, అంటుకుంటుందేమోనని జనం భయపడతారు, కొన్నాళ్లు వెనక గదిలో చీరలు మడతపెట్టుకోమ్మా అన్నారు. ఇన్‌ఫెక్షన్ తగ్గింది, ఎరుపు అంటుకునేది కాదు అని డాక్టరు చెప్పినా వినలేదు.

ఇప్పుడు ముఖం నెమ్మదించింది. బుగ్గల మీద రెండు గోధుమరంగు మచ్చలు మిగిలాయి. నేను చెప్పేది ఒక్కటే: తయారుచేసినవాళ్ల పేరు, అందులో ఏమేం వేశారో రాసిలేని డబ్బా ముఖం దాకా రానివ్వకండి. ఇప్పటికే వాడుతుంటే సొంతంగా మానకుండా, డబ్బా పట్టుకుని స్కిన్ డాక్టరు దగ్గరికి వెళ్లండి.

పరుపు మీద ఇప్పుడు బావగారి కొత్తకోడలు కూర్చుంటోంది. నయమైందని డాక్టరు రాసిచ్చిన కాగితం ఆయన ముందు పెట్టాను. "చూద్దాంలేమ్మా" అని పక్కన పెట్టేశారు. నాలుగు నెలలైంది. ఇరవై రెండేళ్లు జనం మా కొట్టులో చీరలు కొన్నది నేను చెప్పింది వినా, నా బుగ్గలు చూసా?