పక్కింటావిడ వాళ్ల నాన్న

లాక్‌డౌన్ రోజుల్లో ఐర్లండ్‌లోని ఈ నేవన్ ఊళ్లో నేను ఇంట్లోవాళ్లతో కాకుండా మాట్లాడిన మనిషంటే పక్కింటావిడే. పెరటి ఫెన్సుకి అటు ఆవిడ, ఇటు నేను. ఆవిడది కెన్యాలో ఒక పల్లెటూరు. ఇక్కడ వృద్ధాశ్రమంలో పని.

ఒక మధ్యాహ్నం కళ్లు వాచిపోయి వచ్చింది. "మా నాన్న పోయాడు. విమానాల్లేవుగా, అంత్యక్రియలు ఫోన్లోనే చూశాను" అంటూ ఫొటో చూపించింది. అందులో ఒక ముసలావిడ ఉంది. చెవులకు పూసలు, చేతిలో కర్ర. పొరపాటున వేరే ఫొటో తెరిచిందనుకున్నాను.

"ఈవిడే మా నాన్న" అంది.

వాళ్ల ఊళ్లో మొగుడు పోయి, కొడుకులు లేని ఆడదానికి పొలం నిలవదట. అందుకని ఈవిడ ఆవుల్ని ఇచ్చి, ఊరందరి ముందు ఒక పిల్లని పెళ్లి చేసుకుందట. ఆ పిల్ల కన్న బిడ్డలకి ఈవిడే తండ్రి. వాళ్లని ఎవరితో కన్నదని అడగబోయి నోరు మూసుకున్నాను. పెళ్లి నాటి నుంచీ ఈవిడ మగవాళ్ల సరసన కూర్చుని తగవులు తీర్చిందట. ఒక్కడూ కాదనలేదట.

నాకు ఒళ్లు గగుర్పొడిచింది. మేడమీద మీటింగుల మధ్య "టీ!" అని కేకేసే మా ఆయన గుర్తొచ్చి ఒళ్లు మండింది కూడా.

"అయితే మళ్లీ వంటింట్లోకి వెళ్లలేదా?"

"మొగుడెందుకు వెళ్తాడు?" అంది గర్వంగా. "చచ్చేదాకా ఒక్క గిన్నె తోమలేదు."

"మరి ఎవరు తోమారు?"

ఆవిడ ఫోను కిందికి దించింది.

"మా అమ్మ."