టైర్ల కింద బటర్‌నట్లు

నా చేతులు చూసి గోరింటాకా అని మాత్రం అడక్కండి. ఆఫీస్‌లో ఇప్పటికే అందరూ అడిగేశారు. మొన్న శనివారం మా కొత్త కారు పూజలో నేను చూపించిన తెలివితేటల గుర్తులివి!

తెల్లటి కారు. పొద్దున్నే పసుపు, కుంకుమ పెట్టాం, హారతిచ్చాం. వీడియో కాల్‌లో రాజమండ్రి నుంచి మా అత్తగారి డైరెక్షన్. "ఇక నాలుగు టైర్ల కిందా నిమ్మకాయలు పెట్టండి. అవి తొక్కించకుండా బండి మళ్లీ రోడ్డెక్కిందో, నేనూరుకోను" అన్నారు.

ఫ్రిజ్ తీశాను. ఒక్క నిమ్మకాయ లేదు!

ఫోన్ మ్యూట్‌లో పెట్టాను. మా ఆయన "ఇప్పుడే వెళ్లి తెచ్చేస్తా" అని కీస్ తీశాడు. "దేంట్లో వెళ్తావ్?" అన్నాను. పాత కారు షోరూమ్‌లోనే ఇచ్చేశాం కదా. నిమ్మకాయలు తేవాలంటే కారు తియ్యాలి, కారు తియ్యాలంటే నిమ్మకాయలుండాలి! అమెరికాలో, ఈ ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా ఇంటి నుంచి నడిచెళ్లే దూరంలో పచ్చిమిరపకాయ కూడా దొరకదు. యాప్‌లో చూస్తే డెలివరీ మధ్యాహ్నానికట. అక్కడ అత్తగారేమో రాహుకాలం వచ్చేస్తోందని ఒకటే కంగారు.

అప్పుడు వెలిగింది నా బుర్ర. పక్కింటి ఫ్రాంక్ గారి చెట్టు కొమ్మ ఒకటి మా బ్యాక్‌యార్డ్‌లోకి వాలి ఉంటుంది. దాని కాయలు గడ్డినిండా రాలిపడున్నాయి. పచ్చగా, కోలగా, నిమ్మకాయంత సైజు. ముట్టుకుంటే జిగురు, పైన నూగు. అయితేనేం, వీడియోలో నూగు కనబడుతుందా? నాలుగు ఏరుకొచ్చి టైర్ల కింద పెట్టేసి, ఫోన్ మ్యూట్ తీశాను.

"అవేంటే, అంత కోలగా ఉన్నాయి?" అన్నారు అత్తగారు.

"అమెరికా నిమ్మకాయలండీ అత్తయ్యగారూ! ఇక్కడ ఇలాగే ఉంటాయి." ఎంత ధీమాగా చెప్పానో!

మా ఆయన కారు స్టార్ట్ చేశాడు. కదల్లేదు. యాక్సిలరేటర్ కొంచెం గట్టిగా తొక్కాడు. కారు ఒక్క ఎగురు ఎగిరింది. ఒక కాయ ఫట్‌మని టైరు కింద నుంచి దూసుకొచ్చి హారతి పళ్లేన్ని తన్నింది. మిగతా మూడింటికీ పైతొక్క చితికిందంతే. లోపలి పెంకులు చెక్కు చెదరలేదు.

"నిమ్మకాయ పగల్లేదా!" అత్తగారు కెమెరాకి ఇంకా దగ్గరికొచ్చారు. "ఎంత దిష్టి తగిలితే ఇలా అవుతుందే? మళ్లీ తొక్కించండి!"

మళ్లీ తొక్కించాం. ముందుకి, వెనక్కి, మళ్లీ ముందుకి. ప్రతిసారీ ఆ కాయల్ని సర్దిపెట్టే డ్యూటీ నాది. తొక్కల రసం కారి నా చేతులు, డ్రైవ్‌వే అన్నీ కాఫీ రంగు. మా ఆయన ఉద్యోగమే కార్ల క్రాష్ టెస్టింగ్. ఇంత భయంగా స్టీరింగ్ పట్టుకోవడం మాత్రం నేనెప్పుడూ చూళ్లేదు.

ఆ చప్పుళ్లకి పెద్దాయన ఫ్రాంక్ గారు బయటికొచ్చారు. చూశారు. లోపలికెళ్లి సుత్తి పట్టుకొచ్చారు. "ఇవి బటర్‌నట్లమ్మా, వాల్‌నట్లకి చుట్టాలు! మా తాత సుత్తితో కొట్టేవాడు. కొత్త కారుతో కొట్టడం ఇదే చూడ్డం" అని, ఒక కాయని నిలబెట్టి ఒక్కటిచ్చారు. పప్పు తీసి నా చేతిలో పెట్టారు. నోట్లో వేసుకుంటే, అబ్బ, ఏం కమ్మదనమండీ! రెండోది కూడా అడిగి తిన్నాను. ఫోన్ ఆన్‌లోనే ఉందన్న సంగతి శుభ్రంగా మర్చిపోయాను.

"అమ్మాయ్," అన్నారు అత్తగారు నెమ్మదిగా, "మీ నిమ్మకాయల్లో బాదంపప్పు కూడా ఉంటుందా?"

సాయానికి మా ఆయన వైపు చూశాను. విండో ఎక్కించేసుకున్నాడు మహానుభావుడు!

సిగ్గుతో చచ్చాను. మొత్తం ఒప్పుకున్నాను. అత్తగారి తీర్పు వచ్చేసింది: అసలు నిమ్మకాయలు వచ్చేదాకా కారు అంగుళం కదలకూడదు.

ఫ్రాంక్ గారే జాలిపడి తన పాత ట్రక్‌లో నన్ను స్టోర్‌కి తీసుకెళ్లారు. దారిలో ఉండబట్టలేక అడిగారు. "కొత్త కారు ఇంట్లో ఉంది కదా, అందులో ఎందుకు రాలేదు?"

"నిమ్మకాయలు లేవండీ" అన్నాను.

పాపం, సిగ్నల్ పడేదాకా ఆలోచించారాయన.

"మేమైతే పెట్రోలు పోస్తాం" అన్నారు.