పక్క పన్ను రంగు

మా ముత్తాత గురజాల దగ్గర మా ఊరికి మునసబు. ఆయన తర్వాత మా తాతయ్య. నా చిన్నప్పుడు కూడా మా అరుగు ముందు నిలబడి మాట్లాడేవాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్ళు. మా ఇంట్లో ఎవరూ ఎవరి ముందూ అలా నిలబడలేదు. పదేళ్ళప్పుడు నేను నిలబడ్డాను.

నా ముందరి పన్ను పుచ్చితే మాచర్లలో ఒకాయన వెండి నింపాడు. ఏడాది తిరక్కుండా అది నల్లబడింది. బళ్ళో పిల్లలు "బొగ్గుపన్నూ" అని పిలిచేవాళ్ళు. అప్పటినుంచి చెయ్యి అడ్డం లేకుండా నేను నోరు విప్పలేదు. "ఏమే, చెయ్యి తియ్! మనింటి పిల్లవేనా నువ్వు?" అని తాతయ్య ఎంత కసిరినా తియ్యలేదు. చివరికి తన పంటికి ఉన్నట్టే నాకూ బంగారం పెట్టిద్దామని నరసరావుపేట తీసుకెళ్ళాడు.

అక్కడి పళ్ళ డాక్టరు ఒక పడుచు అమ్మాయి. "ఎవరి పిల్లవమ్మా నువ్వు?" అన్నాడు తాతయ్య. ఆమె చేతులు కడుక్కుంటూ తండ్రి పేరు చెప్పింది. మా చేలో కూలికి వచ్చి, కూతుర్ని క్రైస్తవ మిషనరీల బళ్ళో చదివించిన మనిషి ఆయన. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మా అరుగు ముందు నిలబడ్డవాళ్ళలో ఆయనా ఒకడు. తాతయ్య నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, బంగారం పెట్టమన్నాడు.

"బంగారం ఎందుకు పెద్దయ్యా? పంటి రంగుదే పెడతా."

"అయితే బాగా తెల్లంగా పెట్టు."

"తెల్లది పెడితే అతుకేసినట్టుంటది. మన పల్నాడు ఫ్లోరైడు నీళ్ళు తాగిన పన్ను ఇది. పక్కదాని మీద గోధుమరంగు చార చూడండి."

నల్లబడ్డ వెండిని తవ్వి తీసేసింది. చల్లటి గాజుపలక మీద ఏదో పొడిని ద్రవంతో కలుపుతూ, మాటిమాటికీ నా పక్క పంటితో పోల్చుకుంది. పంట్లో నింపి, చార ఉండాల్సిన చోట ఇంకాస్త ముదురు రంగు అద్దింది. ఆపైన పల్చటి పట్టీ బిగించి, అది గట్టిపడేదాకా వేళ్ళతో అదిమి కదలకుండా నిలబడింది.

అద్దం చేతికిచ్చింది. నా పన్ను నాకే దొరకలేదు. నీళ్ళు ఏళ్ళ తరబడి గీసిన చారను ఒక మనిషి చెయ్యి కాసేపట్లో గీసింది! తాతయ్య కళ్ళజోడు పెట్టుకుని, నా గడ్డం కిటికీ వైపు తిప్పాడు.

"ఏదమ్మా నువ్వు పెట్టింది?"

"కనుక్కోండి పెద్దయ్యా!" అని నవ్వింది.

చానా సేపు చూశాడు. కనుక్కోలేకపోయాడు. నేను పళ్ళన్నీ కనపడేలా నవ్వేశాను.

అప్పుడు తాతయ్య నన్ను దింపి ఆ కుర్చీలో తను కూర్చున్నాడు. ఊరంతా గుర్తుపట్టే ఆ బంగారాన్ని వేలితో చూపించి, "ఇది తీసేసి, ఇట్టాంటిదే నాకూ పెట్టు తల్లీ" అన్నాడు. ఆమె ఆయన గడ్డం పట్టుకుని నోరు బాగా తెరవమంది. తెరిచాడు.

నాకు పెట్టింది కొన్నేళ్ళే నిలిచింది. ఇప్పుడు నీలం దీపంతో గట్టిపరిచే కొత్తరకం వచ్చింది. వెళ్ళినప్పుడల్లా కుర్ర డాక్టర్లు తెల్లగా మెరిసేది పెడతామంటారు. పక్క పన్ను ఎలా ఉందో అలాగే పెట్టమంటాను. కనపడటమే గొప్ప అనుకుని మూడు తరాలు బతికాం. కనపడని పనికి తలవంచడం మాత్రం ఆ గదిలోనే నేర్చుకున్నాను. ఇంకెక్కడా వంచలేదు. మునసబుగిరీ పోయింది, చేలూ పోయాయి. ఊరందరికీ కనపడే మా ఇంటి సింహద్వారాన్నీ కిందటేడు పిడుగురాళ్ళ వ్యాపారికి అమ్మాం.