పిల్లలు కూడా నడిచే దారి

పోయిన ఖరీఫ్ నుంచి ఒకే ఒక్క ప్రశ్న అడుగుతున్నాను. రూమ్‌లో అడిగాను, మెస్‌లో అడిగాను, సైట్‌లో అడిగాను. ఒకడు ఫోన్ సౌండు పెంచుతాడు. ఇంకొకడు కూరలో ఉప్పు తక్కువైందంటాడు. నోటితో అడిగితే ఎవరూ పలకలేదు కాబట్టి రాస్తున్నాను.

ఒమాన్‌లోని ఈ సలాలాలో ఖరీఫ్ అంటే పంట కాదు, వానకాలం. మస్కట్ వైపు ఎండకు ఇనుము ముట్టుకోలేని రోజుల్లో ఇక్కడి కొండలు పచ్చబడతాయి, సముద్రం మీది నుంచి మంచు పొగలా ఎక్కి వస్తుంది. పోయిన ఖరీఫ్‌లో ఒక శుక్రవారం రూమ్ వాళ్లందరం కంపెనీ వ్యాన్‌లో ఊరి బయట, సముద్రంలోకి ముక్కులా పొడుచుకొచ్చిన కొండకు పోయాం. రాళ్లు పరిచిన దారి, పక్కన ఇనుప కమ్మీ. పెద్ద ఎక్కుడూ లేదు, దిగుడూ లేదు. తీగలు అల్లుకున్న చెట్ల కింద నుంచి పోతుంటే ఆకుల నీళ్లు మెడ మీద పడతాయి. చెట్లు అయిపోగానే ఒక్కసారిగా సముద్రం. చంకలో పిల్లలను ఎత్తుకున్న ఆడవాళ్లు కూడా మామూలు చెప్పులతో తిరుగుతున్నారు.

మావాళ్లకు చూసే బుద్ధి లేదు. జల్లు పెరగగానే కంకులు కాల్చే బండి దగ్గరికి తిరిగిపోయారు. నేను చివరిదాకా పోయాను. కింద అలలు రాతిని కొడుతుంటే కాళ్ల కింద నేల అదిరింది. ఈ దేశంలో ఇన్నేళ్లు ఉండి నా కోసం నేను చూసింది అదొక్కటే. ఫోను, టిఫిన్ డబ్బా వ్యాన్‌లో నా సంచిలో ఉన్నాయి.

తిరిగి వచ్చేసరికి వ్యాన్ లేదు.

ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి. పొద్దున సైట్‌కు పోయే ముందు మేస్త్రి పేర్లు పిలుస్తాడు. ఎవరైనా బాత్‌రూమ్‌లో ఉండిపోతే పక్కవాడు "ఉన్నడు" అంటాడు, ఆబ్సెంట్ పడకుండా. నేను అందరి కోసం అన్నాను. నా కోసం ఎవరెవరు అనలేదో కూడా గుర్తుంది. ఆ రోజు వ్యాన్ కదిలే ముందు కూడా మేస్త్రి పేర్లు పిలిచాడట. నా పేరు దగ్గర వెనక సీట్లోంచి "ఉన్నడు" అని వినిపించిందట. ఇది చెప్పింది డ్రైవర్. కేరళవాడు. రోజూ వినే ఆ మాట తెలుసు గానీ మావాళ్ల గొంతులు పోల్చలేడు.

రోడ్డు మలుపులో ఆగి ఉంటారనుకుని, కమ్మీ దాటి అడ్డంగా దిగాను. అప్పటికే మంచు కమ్మేసింది. ఒంటెలు తొక్కిన బురదలో కాలు జారింది, మోకాలు పటుక్కుమంది. ఎంత అరిచినా నా అరుపు ఆ మంచులోనే ఆగిపోయింది. చాలాసేపటికి ఒంటెల కోసం వచ్చిన ఒమానీ ముసలాయన చూసి, పికప్ వెనక గడ్డిమూటల మీద పడుకోబెట్టి ఆసుపత్రికి తెచ్చాడు. దింపేటప్పుడు, నీతో వచ్చినవాళ్లు ఏరని అరబ్బీలో అడిగాడు. నాకు అరబ్బీ వచ్చు. వ్యాన్ ఎక్కి వెళ్లిపోయారన్నాను.

కాలికి కట్టుతో రూమ్‌కు వస్తే నా టిఫిన్ డబ్బా కడిగి బోర్లించి ఉంది. నా కోడికూర తిన్నారు. మేస్త్రి నన్ను చూసి, "పోరగాండ్లు నడిసే తొవ్వ కాకా. ఆడ వడ్డవంటె ఇంకేడ నిలవడ్తవ్?" అన్నాడు. అందరూ నవ్వారు. నా భార్య తమ్ముడు కూడా నవ్వాడు. వాడికి వీసా తెప్పించింది నేను. వెనక సీట్లో కూర్చున్నది ఇద్దరే, వాడూ, మా వంటవాడూ.

మోకాలు ఇక వంగదు. స్కాఫోల్డింగ్ ఎక్కలేనివాడు కంపెనీకి దేనికి? కొన్నాళ్లు గేటు దగ్గర కూర్చోబెట్టి ఇప్పుడు వీసా క్యాన్సిల్ చేశారు. వచ్చే వారం నా ఫ్లైట్. అలవాటు మీద ఎవడికో నోరు జారిందిలే అని మేస్త్రి అంటాడు. నేనూ అలాగే అనుకునేవాణ్ని. మొన్న పప్పు మాడిందన్నానని వంటవాడికి కోపం వచ్చింది. ఆ కోపంలో ఉండగానే, ఆ రోజు నా పేరుకు "ఉన్నడు" అన్నది ఎవరని మళ్లీ అడిగాను. గరిటె గిన్నెలో పడేశాడు.

"ఊకె నన్నడుగుతవేంది కాకా? నీ బామ్మర్దినడుగు. ఆ ఒక్కనాడే బండ్ల నీ సణుగుడు లేకుంట నిమ్మలంగ వచ్చినం."

బావమరిది అక్కడే అన్నం కలుపుకుంటున్నాడు. ముద్ద మింగి, నీళ్లు తాగి, చెయ్యి కడుక్కోవడానికి లేచిపోయాడు.

అవును, సణుగుతాను. మాడిన పప్పును మాడిందనే అంటాను. అందుకు మనిషిని కొండ మీద వదిలేసి వస్తారా?

బామ్మర్దీ, ఇంటికి పోగానే మీ అక్క నా కాలు చూసి అడుగుతుంది. ఏం చెప్పమంటావు? అలవాటు కొద్దీ అన్నావా, నేను చెట్ల అవతల ఉన్నానని తెలిసే అన్నావా? ఏదైనా సరే నిన్ను క్షమించను, ఆ ఆశ పెట్టుకోకు. కానీ చెప్పు. నేను ఫ్లైట్ ఎక్కేలోపు, అందరి ముందర, నా మొహం చూసి చెప్పు.