ఫిరంగులకు పెట్టిన బొట్టు

నేను అయిదో తరగతి దాకా చదివిన, అందులో మూడోదే రెండుసార్లు. అందుకే మొన్న దోహా వెస్ట్ బేలో ఒక హోటల్ గోడకు పటం బిగించి, వంకరున్నదని ఇంజనీరు అంటే, పటం సక్కగనే ఉంది, గోడే వంకరుందని వాదించిన. ఆయన నవ్విండు గానీ నాకు నవ్వు రాలే. పటంల జపానోళ్ల పాత చెక్క అచ్చు బొమ్మ: నల్ల ఓడ, పొగ, మంట, వరుసగా ఫిరంగులు. ఫ్రేము వార్నిష్ వాసన నన్ను చెవి పట్టుకొని నాయిన దుకాణానికి గుంజుకపోయింది.

నూనె పైసలతోని దోహా అప్పుడప్పుడే లేస్తున్న రోజులు. పాత బజారు సందుల నాయిన పటాలు కట్టేటోడు. దుకాణం మాకు వీసా ఇచ్చిన అరబ్బు సేటుది. వెనుక అర్రల మేం ముగ్గురం. ఎండాకాలం పోయినా ఉక్కపోత పోని ఆ అర్రల రంపప్పొట్టు, ఉడికే వజ్రం జిగురు, అమ్మ వేసిన పోపు కలిసి ఒకటే వాసనయ్యేవి. నేను తెగిన ఫ్రేము ముక్కలను తుపాకులు చేసుకొని గల్లీ పోరగాండ్లతోని యుద్ధాలు చేసి, రోజూ ఓడిపోయి వచ్చేటోన్ని.

నాయినకు పెద్ద గిరాకీ ఒక జపాన్ ఇంజనీరు, ఆయన వెంట ఆయన కంపెనోళ్లు. దసరా ముందర ఆయన, తన తాత దాచిన బొమ్మలట, రెండు తెచ్చిండు. ఒకటి గొడుగు పట్టిన తెల్ల దొరసాని. గౌను గంటలెక్క ఉబ్బి ఉండె. అమ్మ చూసి, "గింత సోకు చేసుకున్నది, నొసలు బోడిగున్నదేందిరా" అన్నది. రెండోది ఫిరంగుల యుద్ధం.

పండుగనాడు అమ్మ గారెలు కాల్చుకుంట, ఊరి నుంచి తెచ్చిన భరిణెల అడుగుకు చేరిన కుంకుమను తడిపి నా చేతికిచ్చి, "ఆయుధాలన్నిటికి బొట్టు పెట్టిరాపో, నాయిన తానం చేసి వస్తడు" అన్నది. చాప మీద రంపం, రందా, ఉలి, సుత్తె. బల్ల మీద, ఇంకా అద్దం వెయ్యని ఆ బొమ్మలు. రంపం కన్నా ఫిరంగి పెద్ద ఆయుధమని ఏడేండ్లోనికి ఎవరన్న చెప్పాల్నా? వరుసగా అన్ని ఫిరంగులకు పెట్టిన; దొరసాని నొసలు కూడా నింపిన. చాపకాడికి వచ్చేసరికి భరిణె ఖాళీ.

నాయిన కొట్టలే. తడిగుడ్డతోని అద్దితే, ఉల్లిపొరంత కాగితం మీద ఎరుపు ఇంకింత పారింది. ఇంజనీరు వస్తే నాయిన నన్ను వెనక్కి నూకి, తనే చేతులు జోడించిండు. ఆయన బొమ్మలను చానాసేపు చూసి, చుట్టుకొని, ఎప్పటిలెక్కనే నడుం వంచి దండం పెట్టి పోయిండు. ఆయనా మళ్లీ రాలే, కంపెనోళ్లూ రాలే. గిరాకీ ఆగినంక సేటు "ఖలాస్" అని దుకాణం మూసిండు. అద్దం కోసే నాయిన చేతులు సైట్ల ఎండకు సెంట్రింగ్ చెక్కలు మోసినయి. నాయిన నన్నూ అమ్మనూ ఊరికి పంపిండు. ఇల్లు గడవక నా బడి అయిదోదితోనే ఆగింది. నాయిన ఏనాడూ ఆ మాట ఎత్తలే. ఎత్తి తిట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేటోన్ని.

పెద్దయినంక నేనూ దోహాకే వచ్చిన. ఇప్పుడా సందు లేదు, ఆ జిగురు వాసన లేదు. పటాలు కట్టినయే డబ్బాలల్ల వస్తయి, నేను మొలలు కొడుత. హోటల్ ఇంజనీరు అటు పోయినంక, మెట్‌పల్లిల ఊరికి పోయినంక పుట్టిన చెల్లె ఇంట్ల ఉన్న నాయినకు వీడియోల ఈ పటంల ఫిరంగులు చూపెట్టి, "నా బొట్టుతోనే నీ దుకాణం మునిగింది గాదె నాయినా" అన్న.

నాయిన ఫోను కండ్లకాడికి తెచ్చుకున్నడు.

"ఫిరంగులకు పెట్టినవ్, దొరసానికి పెట్టినవ్, నా సుత్తెకు పెట్టినవా? దుకాణం మునగక ఏమైతది! ఇగ ఆ పటమన్న సక్కగ పెట్టు, వంకరున్నది."